నీళ్లలోకి కెమెరా తీసుకెళ్లడానికి నాకు 13 నెలలు పట్టింది – నా అనుభవం

2024 ఫిబ్రవరి 16 రాత్రి అండమాన్‌లోని హావ్‌లాక్ నుంచి వైజాగ్‌లో ఇంటికి చేరాను. బట్టల కంటే ముందు బ్యాగులోంచి కెమెరా హౌసింగ్, అంటే కెమెరాకి నీళ్లు తగలకుండా పెట్టే పెట్టె, తీసి మంచినీళ్ల బకెట్‌లో నానబెట్టాను. స్కూబా డైవింగ్‌లో ఫొటోలు తీయడానికి ఈ సరంజామా అంతా కూడగట్టేసరికి 13 నెలలు, 98,000 రూపాయలు అయ్యాయి. అందులో కెమెరా ఖరీదు 28,000 మాత్రమే. మిగతా 70,000 ఎక్కడ ఖర్చవుతుందో, ఎందుకు ఖర్చవుతుందో మొదట్లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే కనీసం ఆరు నెలలు కలిసొచ్చేవి. అన్నీ ఇంకా గుర్తున్నాయి కాబట్టి వరసగా రాసేస్తున్నాను.

2023 సంక్రాంతి సెలవుల్లో హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు, అంటే స్కూబాలో మొదటి కోర్సు, చేశాను. ఆ దీవికి ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అని పేరు, కానీ అక్కడ అందరి నోటా ఇంకా హావ్‌లాకే. నాలుగు రోజులు, 30,000 దాకా అయింది. కోర్సయ్యాక ఇచ్చే కార్డుతో 18 మీటర్ల వరకు దిగవచ్చు. మాకు నేర్పిన ఇన్‌స్ట్రక్టర్ పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన తెలుగబ్బాయి. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్లి అక్కడే స్థిరపడ్డారట. మొదటి రోజే నన్ను అక్కా అన్నాడు, నేను తమ్ముడూ అన్నాను. కోర్సు డైవ్‌లలో కెమెరా ముట్టుకోనివ్వలేదు. కోర్సయ్యాక చేసిన రెండు డైవ్‌లకి మాత్రం మా కాలేజీలో తోటి లెక్చరర్ దగ్గర అడిగి తెచ్చుకున్న గోప్రోని డైవ్ కేసులో పెట్టి పట్టుకెళ్లాను.

సాయంత్రం ఫొటోలు చూస్తే ఏడుపొచ్చినంత పనైంది. చేపలు, పగడాలు, నా స్నేహితురాలి మొహం, అన్నీ ఒకే నీలం. సిరాలో ముంచి తీసినట్టున్నాయి. తమ్ముడికి చూపించాను. ఐదారు మీటర్లు దిగేసరికి సూర్యకాంతిలో ఎరుపు చాలావరకు పోతుంది, ఆ కిందికి వెళ్లేకొద్దీ నారింజ, ఆ తర్వాత పసుపు పోతాయి అని చెప్పాడు. "లోపల ఎరుపే లేదక్కా. లేని రంగుని కెమెరా ఎక్కణ్ణుంచి తెస్తాది? లైటు నువ్వు పట్టుకెళ్లాల."

ఆ మాట అప్పుడే చెవికెక్కించుకోవాల్సింది. నేను మాత్రం ఇంటికొచ్చి కెమెరాల వెంట పడ్డాను.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజూ రాత్రి పేపర్లు దిద్దడం అయ్యాక అదే పని. ఇంట్లో ఉన్న నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కి హౌసింగ్ కొందామనుకున్నాను. అల్యూమినియం హౌసింగ్, దాని ముందు పెట్టే గిన్నెలాంటి గాజు డోమ్, జూమ్ తిప్పడానికి గేరు, అన్నీ విడివిడిగా కొనాలి. మొత్తం కూడితే కెమెరా ఖరీదుకి ఎన్నో రెట్లు, లక్షల్లో తేలింది. పైగా కెమెరా మారిస్తే ఆ హౌసింగ్ పనికిరాదు. ఒక మోడల్‌కి చేసింది మామూలుగా ఇంకో మోడల్‌కి పట్టదు. ఇది నాకు కొత్త సంగతి. సోనీ ఆర్‌ఎక్స్100 కూడా చూశాను. మంచి కెమెరాయే. కానీ హౌసింగ్‌లోకి నీరొస్తే ఆ రోజుతో దాని కథ అయిపోతుంది. ఆ టెన్షన్‌తో నేను నీళ్లలో ఉండలేననిపించింది.

ఏప్రిల్‌లో ఒక డైవింగ్ టార్చి 4,200 పెట్టి కొన్నాను. దాన్ని గోప్రో పక్కన బిగించుకుని రుషికొండ దగ్గర దిగాను. ఆ రోజు నీళ్లు మసకగా ఉన్నాయి, మూడు మీటర్లకి మించి కనబడలేదు. టార్చి వేయగానే ముందున్న నీళ్లలో నలకలన్నీ తెల్లగా మెరిసి, చేప కాస్తా మాయమైంది. అరకు ఘాట్‌లో తెల్లవారుజామున పొగమంచులో హైబీమ్ వేస్తే తెల్లటి గోడ మీదికొచ్చినట్టు ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. ఆ టార్చి డబ్బులు పోయాయి, పై 98,000లో అవి లేవు. కానీ ఒక విషయం మాత్రం బుర్రకెక్కింది. కెమెరాకీ, తీయాల్సిన దానికీ మధ్య నీళ్లు ఎంత తక్కువ ఉంటే ఫొటో అంత బాగా వస్తుంది. మూరెడు దూరం కంటే జానెడు మేలు. లైటు ఎదురుగా కాదు, పక్కనుంచి పడాలి, మధ్యలో ఉన్న నీళ్ల మీద పడకూడదు.

అక్కణ్ణుంచి ఆలోచన మారింది. ఏ కెమెరా అని కాకుండా ఏం తీయాలి అని అడగడం మొదలుపెట్టాను. ఓడ శిథిలాలు, పెద్ద చేపల గుంపులు తీయాలంటే వెడల్పు లెన్సు, గాజు డోమ్, రెండు పెద్ద లైట్లు కావాలి. నాకు నచ్చినవి చిన్నవి. పువ్వులా కనబడే సముద్రజీవి సీ ఎనిమోన్ కాళ్ల మధ్య దాక్కునే రొయ్యలు, పగడపు సందుల్లో ఉండే పీతలు, న్యూడిబ్రాంక్‌లు. న్యూడిబ్రాంక్ అంటే ఒంటి మీద గుల్ల లేని సముద్రపు నత్త, రంగురంగులుగా ఉంటుంది. వాటికి జానెడు కంటే దగ్గరికి వెళ్లి తీయగలిగే కెమెరా చాలు. జులైకి ఒలింపస్ టీజీ-6 దగ్గర ఆగాను. దాని మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్సు ముందు ఒక్క సెంటీమీటరులో ఉన్నదాని మీద కూడా ఫోకస్ అవుతుంది. రా ఫైల్, అంటే కెమెరా మార్పులు చేయని ఫైల్, ఇస్తుంది కాబట్టి రంగులు తర్వాత సరిచేసుకోవచ్చు. అన్నిటికంటే నన్ను ఒప్పించింది ఇంకోటి. హౌసింగ్ లేకుండానే అది 15 మీటర్ల వరకు నీళ్లు తట్టుకుంటుంది. పీటీ-059 హౌసింగ్‌లో పెడితే 45 మీటర్లు. అంటే నేను దిగే లోతుల్లో హౌసింగ్‌లోకి కొంచెం నీరు చేరినా కెమెరా బతికే అవకాశం ఎక్కువ. ఆ ధైర్యానికి నేను విలువ కట్టాను.

ఈసారి లైటే ముందు కొందామనుకున్నాను. ఆగస్టు 4న ఒక ఆన్‌లైన్ షాపులో స్ట్రోబ్ ఆర్డర్ చేశాను. స్ట్రోబ్ అంటే నీళ్లలో వాడే ఫ్లాష్. స్టాక్ ఉందని రాసి ఉంది. 17 రోజులు ఎదురుచూశాక లేదన్నారు. డబ్బు తిరిగి రావడానికి ఇంకో 23 రోజులు పట్టింది. ఫోన్ చేసినప్పుడల్లా రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి నవంబరులో బెంగళూరులో ఉండే ఒక డైవర్ దగ్గర వాడిన ఇనాన్ ఎస్-2000 దొరికింది, 24,000కి. నాలుగు ఏఏ బ్యాటరీలతో పనిచేసే చిన్న స్ట్రోబ్, అరచేతిలో పట్టేస్తుంది.

ఈలోపు సెప్టెంబరులో టీజీ-7 ప్రకటించారు. రెండు వారాలు మళ్లీ గుంజాటన. వివరాలు పక్కపక్కన పెట్టి చూస్తే లెన్సు అదే, మెగాపిక్సెళ్లు అవే 12, హౌసింగ్ కూడా అదే పీటీ-059. ఛార్జింగ్‌కి యూఎస్‌బీ-సీ వచ్చింది, నిలువు వీడియో వచ్చింది. నా పనికి రెండూ అక్కర్లేదు. కొత్తది రావడంతో చెన్నైలో టీజీ-6 అమ్ముతున్నాయన 32,000 నుంచి 28,000కి దిగాడు. అక్టోబరు 8న తీసుకున్నాను.

హౌసింగ్, కెమెరా ఫ్లాష్ మెరుపుని స్ట్రోబ్‌కి అందించే ఫైబర్ ఆప్టిక్ కేబుల్, స్ట్రోబ్‌ని హౌసింగ్ పక్కన నిలబెట్టే ట్రే, ఆర్మ్, క్లాంపులు డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు డిసెంబరు 19న వస్తూ తెచ్చాడు. అప్పటి నిబంధన ప్రకారం అమెరికా నుంచి వచ్చే భారతీయ ప్రయాణికుడికి 50,000 రూపాయల సరుకు దాకా సుంకం లేదు. లెక్క దాని లోపే ఉంది, బిల్లులు జేబులో పెట్టుకోమని నేనే పదిసార్లు చెప్పాను. హౌసింగ్ 26,500, ట్రే, ఆర్మ్, క్లాంపులు కలిపి 9,500, కేబుల్ 4,500. ఇక్కడ కొన్న రీఛార్జబుల్ బ్యాటరీలు, ఛార్జరు 4,000. గ్రీజు, అదనపు ఓ-రింగ్ (మూత సందులోంచి నీరు రాకుండా ఆపే రబ్బరు వలయం), తేమ పీల్చే సిలికా జెల్, చేతికి కట్టుకునే తాడు కలిపి 1,500. క్లాంపులు కూడా ఇంత ఖరీదు ఉంటాయని నేను కలలో కూడా అనుకోలేదు. మూడు చిన్న బిగింపులు, ఒక్కోటి మంచి చీర ఖరీదు.

2024 జనవరి 26 సెలవు రోజున మొదటి పరీక్ష ఇంట్లోనే చేశాను. అటక మీదున్న ఇత్తడి గంగాళం దించి నిండా నీళ్లు పోశాం. హౌసింగ్‌లో కెమెరా పెట్టకుండా టిష్యూ కాగితం మడిచి పెట్టి మూశాను. చేతులతో ముంచితే అది ముణగదు! లోపలంతా గాలే కదా, బంతిలా పైకి తన్నుకొస్తోంది. అమ్మ వచ్చి రుబ్బురోలు పొత్రం తీసుకొచ్చి, "దీన్ని కట్టి ముంచు" అంది. పొత్రానికి తువ్వాలు చుట్టి, తాడుతో కట్టి ముంచాం. అరగంట తర్వాత తీస్తే టిష్యూ పొడిగా ఉంది. నేను చదివినదాన్ని బట్టి తక్కువ లోతులోనే లీక్ ఎక్కువ కనబడుతుంది. లోతుకెళ్తే నీటి ఒత్తిడే మూతని ఓ-రింగ్ మీదికి గట్టిగా నొక్కుతుంది. కాబట్టి గంగాళం పరీక్షని చిన్నచూపు చూడక్కర్లేదు.

ఫిబ్రవరి 9న బయల్దేరాను. చెన్నై మీదుగా పోర్ట్ బ్లెయిర్, అక్కణ్ణుంచి ప్రైవేటు ఫెర్రీలో హావ్‌లాక్. ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ దగ్గర స్ట్రోబ్, ఆర్మ్‌లు ప్రతిసారీ బయటికి తీయించారు. ఒక్కోచోట పది నిమిషాలు. విడి కెమెరా బ్యాటరీలు చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు.

10వ తేదీ, అమావాస్య వెళ్లిన మర్నాడు. పోటు గట్టిగా ఉందని పడవవాళ్లు దూరం వెళ్లొద్దన్నారు. నీమో రీఫ్‌లో ఒక్క డైవ్, అదీ ఖాళీ హౌసింగ్‌తోనే. మళ్లీ టిష్యూ, కింద కిలో సీసం. ఒక డైవ్ డబ్బులు 3,500 ఆ టిష్యూకే పెట్టాను. పైకొచ్చాక అది పొడిగా ఉంటే మనసు కుదుటపడింది.

11న మొదటిసారి కెమెరాతో దిగాను. పడవ మీద, తొమ్మిదింటికి, చెమటలు కారుతుంటే కెమెరా పెట్టి హౌసింగ్ మూశాను. ఎండలో బెంచీ మీద పెట్టాను. నీళ్లలోకి వెళ్లిన పది నిమిషాలకి గాజు లోపలివైపు మసక పట్టేసింది. అప్పుడే ఒక తాబేలు మా పక్కనుంచి, నింపాదిగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్లింది. నా దగ్గరున్నవి ఏడు పాలరంగు ఫొటోలు. లీకేమో అని గుండె జారిపోయింది, పైకి వచ్చేదాకా ఊపిరి సరిగ్గా ఆడలేదు. లీకు కాదు. పడవ మీది తేమగాలిని నేనే లోపల బంధించాను. లోపల కెమెరా వేడెక్కింది, బయట నీళ్లు గాజుని చల్లబరిచాయి, ఆ తేమ కాస్తా గాజుకి పట్టింది. మర్నాటి నుంచి ఉదయం ఆరింటికి ఏసీ గదిలోనే, సిలికా జెల్ పొట్లం వేసి మూసేశాను. పడవ మీద తడి తువ్వాలు కప్పి నీడలో పెట్టాను. మళ్లీ ఒక్కసారి కూడా మసక పట్టలేదు. అలా మూస్తే రెండు డైవ్‌ల మధ్య తెరవకూడదు, జుట్టులోంచి కారే ఒక్క చుక్క చాలు. అందుకని వైఫై ఆపేసి, అవసరం లేనప్పుడు కెమెరా ఆఫ్ చేస్తూ ఒకే బ్యాటరీతో రెండు డైవ్‌లు లాగాను.

12న మసక లేదు, కానీ ఫొటోలు నల్లగా వచ్చాయి. స్ట్రోబ్ వెలగడం కళ్లారా చూస్తున్నాను, ఫొటోలో మాత్రం వెలుతురు లేదు. రాత్రి గదిలో గంటసేపు కూర్చుని, టీ కప్పుని ఫొటోలు తీస్తూ కనిపెట్టాను. కెమెరా అసలు ఫ్లాష్‌కి ముందు వెలుతురు అంచనా కోసం ఒక చిన్న ఫ్లాష్ ఇస్తుంది. కేబుల్ గుండా ఆ మెరుపు అందుకుని నా స్ట్రోబ్ ముందే పేలిపోతోంది. స్ట్రోబ్ మీద దానికి తగ్గ సెట్టింగ్ మార్చగానే కప్పు తెల్లగా మెరిసింది. ఈ టీ కప్పు పరీక్ష వైజాగ్‌లోనే చేసి ఉండాల్సింది. దయచేసి మీరు ఇంట్లోనే చేసుకోండి.

ఆ రోజే ఇంకోటి జరిగింది. రాయడానికి కష్టంగా ఉంది. లైట్‌హౌస్ అనే చోట ఒక చిన్న పీత కోసం వంగాను. కళ్లన్నీ స్క్రీన్ మీదే. వెనక నా ఫిన్, కాలికి తొడుక్కునే ఈత రెక్క, దేనికో తగిలింది. తిరిగి చూస్తే కొమ్మల పగడం ముక్క, చిటికెనవేలంత, ఇసుకలో పడి ఉంది. విరిగిన చోట సున్నంలా తెల్లగా ఉంది. అంత పెరగడానికి దానికి ఎన్నాళ్లు పట్టిందో, నాకు ఒక్క తన్ను చాలింది. మన దేశంలో పగడాలకి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చోటు ఉంది, పులికి ఉన్నట్టే. తమ్ముడు నీళ్లలో ఏమీ అనలేదు. పడవెక్కాక పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "అక్కా, నువ్వు కెమెరా చూస్తన్నావు గానీ కాళ్లు చూడ్డం లేదు. రేపు కెమెరా వద్దు."

ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. 13న కెమెరా గదిలోనే వదిలేసి ఒక్క డైవ్ చేశాను, ఇసుక మీద. ఊపిరి పీల్చి అరడుగు లేవడం, వదిలి అరడుగు దిగడం. కదలకుండా గాల్లో వేలాడినట్టు నిలబడటం. వెనక్కి ఈదడం. ట్రే, స్ట్రోబ్ కలిసి చేతుల్లో బరువే కాబట్టి నడుముకి కట్టే సీసంలో ఒక కిలో తగ్గించాడు. ఆ ఒక్క కిలోతో కాళ్లు కిందికి జారడం ఆగింది. అప్పటికి నావి మొత్తం 20 డైవ్‌లు కూడా లేవు. ఈ సరంజామాకి పెట్టిన డబ్బులో కొంత పెట్టి ముందే ఇలాంటి డైవ్‌లు నాలుగు చేసి ఉంటే ఆ పగడం విరిగేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

14న ద వాల్ అనే చోట దిగాం. రెండో డైవ్, 14 మీటర్లు. రాతి అంచు మీద బొటనవేలంత ఏదో ఉంది. నలుపు మీద బూడిదరంగు బుడిపెలు, కదలడం లేదు. తమ్ముడు వేలితో చూపించి పక్కకి జరిగాడు. ముందు నా కాళ్లు చూసుకున్నాను. కింద ఇసుకే ఉంది. రెండు ఊపిర్లు ఆగి నిలదొక్కుకున్నాను. స్ట్రోబ్‌ని హౌసింగ్ పక్కకి, కొంచెం పైకి తిప్పాను. మరీ ఒక సెంటీమీటరుకి వెళ్తే హౌసింగ్ నీడే దాని మీద పడుతుందని టీ కప్పుతోనే తెలుసుకున్నాను, అందుకని నాలుగు వేళ్ల దూరంలో ఆగాను. నొక్కాను.

స్క్రీన్ మీద ఆ బూడిదరంగు బుడిపెలు గులాబీ రంగులో ఉన్నాయి. రోజా రేకు లోపలి రంగు. ప్రతి బుడిపె చుట్టూ నల్లటి గీత, తల దగ్గర రెండు చిన్న నల్లటి కొమ్ములు. కళ్లెత్తి చూస్తే రాతి మీద మళ్లీ బూడిదరంగే. మళ్లీ స్క్రీన్ చూశాను, గులాబీ. మాస్కులో కళ్లు చెమర్చాయి. ఫిలిడియెల్లా పస్ట్యులోసా అని పైకొచ్చాక తమ్ముడు పేరు చెప్పాడు. అండమాన్‌లో తరచూ కనబడేదేనట. నాకు మాత్రం మొదటిది.

మొత్తం ఎనిమిది డైవ్‌లు, వాటిలో కెమెరాతో ఆరు, 412 ఫొటోలు. దాచుకోదగ్గవి 11. రెండు డైవ్‌లకి 6,500 చొప్పున, విడి డైవ్‌కి 3,500 తీసుకున్నారు. 15న డైవ్ పెట్టుకోలేదు. వరసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి, టికెట్లు తీసేటప్పుడే ఇది చూసుకోండి.

ఇంకో చిన్న విషయం. డైవ్ అయ్యాక పడవ మీద ఉండే మంచినీళ్ల తొట్టిలో అందరి రెగ్యులేటర్లు (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరాలు), మాస్కులతో పాటు కెమెరా వదిలేయకండి. దాని మీద ఏవేవో పడి మూత గొళ్లెం మీద దెబ్బ తగులుతుంది. ముంచి తీసి చేతిలో పెట్టుకోండి. గదికొచ్చాక విడి బకెట్‌లో అరగంట నానబెట్టి, నీళ్లలోనే బటన్లన్నీ నొక్కండి, సందుల్లో ఉప్పు పోతుంది. ఓ-రింగ్‌ని పిన్నుతో తీయకండి, వేలితోనో మొద్దు ప్లాస్టిక్ కార్డుతోనో తీయండి. గ్రీజు మెరుపు కనబడేంతే రాయండి, ఎక్కువైతే ఇసుక పట్టుకుంటుంది. 14 ఉదయం మూసే ముందు ఫోన్ టార్చి వేసి చూస్తే ఓ-రింగ్ మీద తువ్వాలు పోగు ఒకటి, కనురెప్ప వెంట్రుకంత, అడ్డంగా పడుకుని ఉంది. చూడకపోతే ఆ గులాబీ రంగు ఫొటో ఉండేది కాదు.

ఇప్పుడు హౌసింగ్ గొళ్లెం తెరిచి బీరువాలో పెట్టాను, ఓ-రింగ్ తీసి జిప్ కవర్‌లో వేశాను, స్ట్రోబ్‌లోంచి బ్యాటరీలు బయటికి తీశాను. ఓ-రింగ్ ఏడాదికోసారి మార్చాలి. డాలస్ అన్నయ్య మళ్లీ డిసెంబరులో వస్తానన్నాడు, రెండు తెమ్మని చెప్పాను.